ద్వీపంలో కొత్త జీవి కనిపించిందా? నమోదు ఇలా చేయండి

"ఈ చీమను ఈ దీవిలో ఇంతకు ముందెన్నడూ చూడలేదు. ఏం చేయమంటారు?" నాకు తరచుగా వచ్చే సందేశం ఇది: ఒక మసక ఫోటో, దాని కింద ఇవే రెండు మాటలు. చీమ స్థానంలో ఒక్కోసారి బల్లి, నత్త, గడ్డిమొక్క, పిట్ట ఉంటాయి గానీ ప్రశ్న మాత్రం మారదు. ఎక్కడ చూశారు, ఎప్పుడు, ఎన్ని ఉన్నాయి అని తిరిగి అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఆ జీవి మాత్రం అక్కడే ఆగి మన కోసం ఎదురు చూడదు కదా! అందుకే ఈసారి మొదటి నుంచి చివరి దాకా వివరంగా రాస్తున్నాను.

ఈ గైడు మహాసముద్ర ద్వీపాల కోసం. అంటే ఏనాడూ ఏ ఖండంతోనూ కలిసి లేని దీవులు. హవాయి, గలాపగోస్, సెయింట్ హెలెనా, రీయూనియన్ ఇలాంటివే. సముద్రం నుంచి పైకి లేచిన రోజున వాటి మీద గడ్డిపోచ కూడా లేదు. ఇప్పుడున్న ప్రతి జీవీ గాలికో, నీటికో, రెక్కల మీదో, మనిషి సామానులోనో వచ్చినదే, లేదా అలా వచ్చినదాని సంతతే. ఈ గైడుకు ఇంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం ముందే గుర్తు పెట్టుకోండి. మీరు రాయగలిగేది "మొదట కనిపించిన తేదీ" మాత్రమే. "వచ్చిన తేదీ" మీకు తెలియదు, చాలాసార్లు ఎవరికీ తెలియదు. గలాపగోస్‌లో పిట్టపిల్లల రక్తం తాగే ఫిలోర్నిస్ డౌన్సీ అనే ఈగ పురుగులు 1997లో గూళ్లలో బయటపడ్డాయి. తర్వాత పాత సేకరణలు తిరగేస్తే, అదే ఈగ 1964లో పట్టిన నమూనాల్లోనే ఉంది. ముప్పై మూడేళ్లు ఎవరూ గుర్తించలేదు. దాచిపెట్టిన నమూనా ఉంది కాబట్టే ఈ సంగతైనా తెలిసింది.

కావలసినవి

- గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు (పెన్ను వద్దు, కారణం ఆరో మెట్టులో)
- కెమెరా ఉన్న ఫోను, అదనపు బ్యాటరీ
- మిల్లీమీటర్ల గుర్తులున్న చిన్న స్కేలు
- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం
- బిగుతు మూతలున్న చిన్న సీసాలు, జిప్ సంచులు, మెత్తని బ్రష్, పట్టకారు
- ఇథైల్ ఆల్కహాల్
- మొక్కలకు పాత వార్తాపత్రికలు, రెండు చెక్క పలకలు, బిగించే పట్టీలు
- తలకు పెట్టుకునే టార్చి
- గట్టి కుంచె, పళ్లు తోముకునే పాత బ్రష్ (ఇవి జీవుల కోసం కాదు, మీ బూట్ల కోసం)

జీపీఎస్ పరికరం ఉంటే మంచిదే, లేకపోతే ఫోను చాలు. ఖరీదైన కెమెరా లేదని ఆగిపోకండి. స్కేలు లేకుండా తీసిన గొప్ప ఫోటో కంటే స్కేలు పక్కన పెట్టి తీసిన మామూలు ఫోటోయే ఎక్కువ పనికొస్తుంది.

1. ముందు మిమ్మల్ని మీరు శుభ్రం చేసుకోండి

కొత్త జీవులను నమోదు చేయడానికి వెళ్లేవారే కొత్త జీవులను మోసుకెళ్లే ప్రమాదం ఉంది. ఐస్‌లాండ్ తీరంలో 1963లో సముద్రం నుంచి పుట్టిన సర్ట్సీ దీవి మీద, మనుషుల రాకపోకలకు గట్టి ఆంక్షలు ఉన్నా, ఒకసారి టమాటా మొక్క మొలిచింది. గాలి తెచ్చిందా, పక్షి తెచ్చిందా అని తల బద్దలు కొట్టుకోవలసిన పని లేకపోయింది. ఎవరో బహిర్భూమికి వెళ్లిన చోట మొలిచిన మొక్క అది. పీకేశారు.

బూటు అడుగు గాళ్లు, సాక్సు అల్లిక, సంచి జేబుల మూలలు, కెమెరా స్టాండు కాళ్లు, అంటుకునే (వెల్క్రో) పట్టీలు అన్నీ చూడండి. గడ్డి గింజలకు ఈ పట్టీలంటే మహా ఇష్టం. ఒక దీవి నుంచి మరో దీవికి వెళ్తున్నప్పుడే కాదు, ఒకే దీవిలో రేవు నుంచి కొండ మీది అడవికి వెళ్తున్నప్పుడు కూడా ఈ పని చేయాలి.

2. పాత జాబితా తిరగేయండి

మీకు కొత్తదైనంత మాత్రాన అది దీవికి కొత్తది కానక్కరలేదు. ఆ దీవి మొక్కల జాబితా, పక్షుల జాబితా, కీటకాల జాబితా ఏవి దొరికితే అవి చూడండి. జీవుల నమోదులను ఒకచోట చేర్చే జీబిఫ్ (GBIF) వెబ్‌సైటులో దీవి చుట్టూ గీత గీసి వెతికితే ప్రపంచవ్యాప్త సేకరణల్లోని నమోదులు కనిపిస్తాయి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, శాస్త్రీయ నామాలు మారుతుంటాయి. పాత జాబితాలో ఉన్న జీవే మరో పేరుతో మీకు ఎదురు కావచ్చు కాబట్టి పర్యాయనామాలతో కూడా వెతకండి. రెండోది, "పరాయిది" అని జాబితాలో ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు. గలాపగోస్ కొండల్లోని బురద మడుగుల నుంచి తీసిన పాత పుప్పొడిని పరిశీలించి 2008లో ప్రచురించిన పరిశోధనలో, మనుషులు తెచ్చారని అనుకున్న లేదా అనుమానించిన ఆరు మొక్కలు మనుషులు రాకముందు నుంచే అక్కడ ఉన్నాయని తేలింది. అవి స్థానికమైనవే. ఇటువంటి అనుమానం ఉంటే నమోదులో "మూలం తెలియదు" అని రాయడం నామోషీ ఏమీ కాదు.

3. వెతకవలసిన చోట వెతకండి

దీవి అంతా తిరగాలని ఉబలాటపడకండి. కొత్తవి దిగే చోట్లు కొన్నే: రేవు, విమానాశ్రయం, సరుకు గోదాములు, మొక్కల నర్సరీలు, కొత్తగా వేసిన తోటలు, ఇసుక, కంకర, కలప దింపే స్థలాలు, చెత్త పోసే చోటు. వీటి అంచుల వెంట నెమ్మదిగా నడవండి. కుండీ ఎత్తి అడుగు చూడండి. సరుకు పేర్చే చెక్క పలకల సందుల్లోకి టార్చి వేయండి.

తుపాను వెళ్లిన వారంలో తీరం తప్పకుండా చూడాలి. 1995 సెప్టెంబరులో రెండు తుపానులు దాటాక, అక్టోబరు 4న కరీబియన్‌లోని ఆంగ్విలా తీరానికి కూలిన చెట్ల తెప్ప ఒకటి కొట్టుకొచ్చింది. దాని మీద పచ్చ ఇగువానాలు ఉన్నాయి, కనీసం 15. చేపలు పట్టేవారు చూసి చెప్పడంతో ఆ సంగతి తేదీతో సహా నమోదైంది. తీరంలో కొట్టుకొచ్చే ప్లాస్టిక్కును కూడా తేలిగ్గా తీసేయకండి. 2011 సునామీ తర్వాత జపాన్ తీరం నుంచి కొట్టుకుపోయిన సామగ్రి మీద, ఆరేళ్ల వ్యవధిలో హవాయికి, ఉత్తర అమెరికా పడమటి తీరానికి సజీవంగా చేరిన జాతులు 289 అని లెక్క తేలింది.

చెవులు కూడా వాడండి. ప్యూర్టోరికో కోకీ కప్ప 1980ల చివరలో నర్సరీ మొక్కలతో హవాయి చేరింది. బొటనవేలంత కప్ప, పగలు ఎంత వెతికినా దొరకదు. రాత్రి దాని అరుపు మాత్రం దాగదు. ఫోనులో రెండు నిమిషాలు రికార్డు చేసుకోండి, అదీ సాక్ష్యమే.

చీమల కోసం సులువైన పద్ధతి ఒకటి ఉంది. సన్నని చెక్క పుల్లల చివర వేరుశనగ ముద్దను పలుచగా పూసి, ఐదారు అడుగులకు ఒకటి చొప్పున నీడలో పెట్టండి. 45 నిమిషాల తర్వాత పుల్లలను నేరుగా జిప్ సంచుల్లో వేసి, ఒక్కో సంచి మీద పుల్ల నంబరు రాయండి. మండే ఎండలో, జోరు వానలో ఈ పని వృథా. కొన్ని చీమలు కొవ్వు కంటే తీపికి వస్తాయి కాబట్టి, పంచదార నీటిలో తడిపిన దూది ముక్కలు కూడా కొన్ని పెట్టడం మంచిది.

4. ముట్టుకోకముందే ఫోటో తీయండి

మొదటి ఫోటో దూరం నుంచి, జీవి ఉన్న చోటంతా కనిపించేలా. తర్వాత దగ్గరగా. తర్వాత స్కేలుతో. జాతిని తేల్చే భాగం ఒక్కో జీవికి ఒక్కోచోట ఉంటుంది:

- చీమ: పక్క నుంచి, తల ఎదురుగా, పై నుంచి. ఛాతీకి, పొట్టకు మధ్య సన్నని నడుము మీద ఒక ముడి ఉందా, రెండున్నాయా అన్నది కనిపించాలి. భూతద్దాన్ని ఫోను కెమెరాకు ఆనించి పట్టుకుంటే ఇది సాధ్యమే. చేయి వణుకుతుంది, ఇరవై తీస్తే రెండు నిలుస్తాయి, అవే చాలు.
- బల్లి: వేళ్ల అడుగు భాగం. గాజు సీసాలోకి ఎక్కించి బయటి నుంచి తీయండి. వేళ్ల కింది మడతలు చీలి ఉన్నాయా, ఒకటిగా ఉన్నాయా అన్నది ముఖ్యం.
- నత్త: నోరున్న వైపు, వెనుక, పైకొన, అడుగు.
- మొక్క: మొత్తం మొక్క, ఆకుల అమరిక, ఆకు అడుగు వైపు, పువ్వు ఎదురుగా, పక్కగా, కాయ, కాండం మొదలు. గడ్డి అయితే ఆకు కాండాన్ని విడిచే చోట ఉండే పలుచని పొర. ఒక్క ఆకు ఫోటో పంపి పేరు చెప్పమనకండి, దయచేసి.
- పక్షి: ఎలా కనిపిస్తే అలా తీయండి. తర్వాత కూత రికార్డు చేయండి.

5. అక్కడే నిలబడి రాయండి

ఇంటికి వెళ్లాక రాద్దామనుకుంటే సగం పోతుంది, మిగతా సగం ఊహతో నిండుతుంది. నాకు తరచుగా వచ్చే నమోదు ఇలా ఉంటుంది:

"రేవు దగ్గర ఎర్ర చీమలు, చాలా ఉన్నాయి, కొత్త రకం."

రావలసింది ఇలా:

"2024-03-07, ఉదయం 6.40 నుంచి 7.25. రేవు గోదాము తూర్పు గోడ, మూడో నీటిగొట్టం కింద. జీపీఎస్ తేడా 6 మీటర్లు. 20 పుల్లలు పెట్టాను, మూడింటికి చీమలు. 4వ పుల్లకు 40 దాకా, 5, 6 పుల్లలకు పదిలోపు. లేత నారింజ రంగు, ఒకటిన్నర మిల్లీమీటర్లు, నెమ్మది నడక. నడుము మీద రెండు ముడులు. గూడు కనిపించలేదు. రాత్రి వాన పడింది. సంచి 4, 5, 6. ఫోటోలు 31 నుంచి 38."

రెండో దానిలో జాతి పేరు ఎక్కడా లేదని గమనించారా? ఫర్వాలేదు. పేరు తర్వాత ఎవరైనా పెట్టగలరు. 17 పుల్లలకు చీమలు రాలేదన్న సంగతిని మాత్రం ఆ రోజు అక్కడున్న మనిషి తప్ప మరొకరు చెప్పలేరు.

తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో రాయండి. 03/04 అని రాస్తే మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో తేల్చడం ఎవరి తరమూ కాదు. అక్షాంశ రేఖాంశాలను దశాంశ డిగ్రీల్లో, కనీసం నాలుగు స్థానాల వరకు తీసుకోండి. నాలుగో స్థానం అంటే నేల మీద సుమారు 11 మీటర్లు. దక్షిణ అక్షాంశానికి, పశ్చిమ రేఖాంశానికి ముందు మైనస్ గుర్తు మరచిపోకండి.

6. నమూనా తీసుకోండి, అనుమతి ఉంటేనే

చాలా దీవుల్లో రక్షిత ప్రాంతాలున్నాయి, సేకరణకు రాతపూర్వక అనుమతి కావాలి. అది లేకపోతే ఫోటోతో ఆగండి. మరో సంగతి, మీకు పరాయిదిగా కనిపించింది ఆ దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని స్థానిక జాతి కావచ్చు.

అనుమతి ఉంటే కీటకాలను, సాలీళ్లను ఆల్కహాల్‌లో వేయండి. మామూలు నిల్వకు 70 శాతం చాలు, డీఎన్‌ఏ పరీక్షకు పంపేటట్టయితే 95 శాతం కావాలి. ఏదీ దొరకకపోతే చేతులకు రాసుకునే ఆల్కహాల్ జెల్‌లో వేసి తాత్కాలికంగా కాపాడవచ్చు, లేదా సంచితో సహా ఫ్రీజరులో పెట్టవచ్చు. ఆల్కహాల్‌కు నిప్పంటుకుంటుంది. పడవలో, విమానంలో తీసుకెళ్లే ముందు నిబంధనలు అడిగి తెలుసుకోండి.

చీటీని పెన్సిలుతో రాసి సీసా లోపల వేయండి. నా మొదటి ఏడాదిలో పన్నెండు సీసాల చీటీలు పెన్నుతో చక్కగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. నెల తిరిగేసరికి పన్నెండు సీసాల్లో లేత నీలం నీళ్లు, పన్నెండు తెల్ల కాగితాలు. మూత మీద రాయడం కూడా నమ్మకం లేని పని, మూతలు తారుమారు అవుతాయి.

మొక్కను పువ్వుతో, కాయతో, చిన్నదైతే వేరుతో సహా వార్తాపత్రికల మధ్య పరచి పలకలతో బిగించండి. కనీసం ఒక ఆకును తిప్పి, అడుగు వైపు కనిపించేలా ఉంచండి. మొదటి వారం రోజూ కాగితాలు మార్చాలి. తేమ దీవుల్లో ఒక్క రోజు బద్ధకిస్తే బూజు పడుతుంది.

బతికున్న జీవిని మాత్రం ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకెళ్లకండి. గింజలున్న మొక్కను చేత్తో ఊపుకుంటూ నడవకండి. "ఎలాగూ పీకేయాల్సిందే కదా" అని చీమల గూడు తవ్వకండి. కొన్ని జాతుల్లో చెదిరిన గూడు నుంచి రాణులు, కూలిచీమలు విడివిడిగా వెళ్లి కొత్త గూళ్లు పెట్టుకుంటాయి. ఒకటి పోయి ఐదవుతుంది.

7. పేరు పెట్టడంలో తొందర వద్దు

ఐనాచురలిస్ట్ వంటి యాప్‌లు ఫోటో చూసి పేరు సూచిస్తాయి. ఉపయోగమే, కానీ అవి ఎక్కువగా ఫోటోలున్న జాతుల వైపు మొగ్గుతాయి. దూర దీవిలోని అరుదైన స్థానిక కీటకానికి, ఖండాల మీద కోట్లాదిగా ఉండే దాని చుట్టం పేరు తగిలిస్తాయి. అలా ఒక "కొత్త రాక" ఉత్తపుణ్యానికి పుడుతుంది. అందులో ఇద్దరు ఔనంటే నమోదుకు పరిశోధన స్థాయి ముద్ర పడవచ్చు. ఆ ఇద్దరూ అదే సూచనను నొక్కి ఉంటే అది ఇద్దరి మాట కాదు.

జాతి తేలకపోతే ప్రజాతి దగ్గర ఆగండి, అదీ తేలకపోతే కుటుంబం దగ్గర. దీవికి మొదటి నమోదు అనుకున్నదాన్ని ఆ గుంపు మీద పనిచేసే నిపుణుడు కనీసం ఒకరు చూడాలి. ఫోటోతో తేలదని వారంటే అలగకండి. చిన్న చీమలు, చిమ్మెటలు, గడ్డి జాతుల్లో అది మామూలే.

8. స్థితి, దారి రాయండి

ఇక్కడ జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే: కనిపించగానే "స్థిరపడింది" అని రాసేయడం. సరుకు పెట్టెలో దొరికిన ఒక చచ్చిన నత్త స్థిరపడినది కాదు, పట్టుబడినది. తోటలో నాటిన మొక్క నాటినదే, గోడ దాటి దానంతట అది మొలిచిన పిల్లమొక్క వేరు. సంతానోత్పత్తికి ఆధారం ఉందా అని చూడండి: గుడ్లు, పిల్లలు, తల్లిమొక్క చుట్టూ వేర్వేరు వయసుల మొలకలు. లేకపోతే "ఒకటి కనిపించింది, సంతానానికి ఆధారం లేదు" అని రాయండి.

రాక దారికి అంతర్జాతీయంగా వాడే విభజనలో ఆరు తరగతులున్నాయి: కావాలని వదిలినవి, పెంపకం నుంచి తప్పించుకున్నవి, సరుకుకు అంటుకుని వచ్చినవి, వాహనంలో దొంగచాటుగా వచ్చినవి, కాలువల వంటి కొత్త దారుల గుండా వచ్చినవి, మనిషి మరోచోట దింపాక అక్కడి నుంచి తమంతట తాము వ్యాపించినవి. ఊహే అయితే "బహుశా" అని చేర్చండి. తమ స్వస్థలం నుంచి మనిషి ప్రమేయమే లేకుండా వచ్చినవాటిని మాత్రం పరాయివి అనరు. 1856లో ఆస్ట్రేలియా వైపు నుంచి సముద్రం దాటి గుంపులుగా న్యూజిలాండ్ చేరిన చిన్న కళ్లద్దాల పిట్టను అక్కడ స్థానిక పక్షిగానే లెక్కిస్తారు. మావోరీలు మాత్రం దానికి తౌహౌ అని పేరు పెట్టారు, కొత్తవాడు అని అర్థం.

9. ఎవరికి, ఎంత త్వరగా చెప్పాలి

పాము, ఎలుక, కుట్టే చీమ, పంటల పురుగు అని అనుమానం వస్తే ఫారాలు నింపుతూ కూర్చోకండి. దీవి జీవభద్రతా విభాగానికో, వ్యవసాయ అధికారికో ఆ గంటలోనే ఫోను చేయండి. గ్వామ్ దీవికి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరుకుతో చేరిన గోధుమరంగు చెట్టుపాము అక్కడి స్థానిక అడవి పక్షులను దాదాపు తుడిచిపెట్టింది. పక్షులు ఎందుకు మాయమవుతున్నాయో అర్థమయ్యేసరికి పాములు దీవి అంతటా ఉన్నాయి. పొరపాటు పడి ఫోను చేస్తే మహా అయితే ఎవరో ఒకరు విసుక్కుంటారు.

మిగతావాటికి తీరిగ్గా ఐనాచురలిస్ట్‌లోకో, దీవి సొంత నమోదు పట్టికలోకో ఎక్కించండి. సొంత పట్టిక తయారు చేసుకుంటే, జీవుల నమోదులకు అంతర్జాతీయంగా వాడే డార్విన్ కోర్ ప్రమాణంలోని గడుల పేర్లే వాడండి, రేపు జీబిఫ్‌కు పంపడం తేలికవుతుంది. నమూనాను మీ అలమరలో ఉంచుకోవద్దు. మ్యూజియానికో, ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే హెర్బేరియానికో ఇచ్చి, వారిచ్చే నంబరును నమోదులో రాయండి.

పంపే ముందు సరిచూసుకోండి

బిందువును మ్యాపు మీద పెట్టి చూడండి. దీవుల్లో ఈ పరీక్షకు మహా పదును ఉంది. అక్షాంశం, రేఖాంశం తారుమారైనా, మైనస్ పోయినా బిందువు చాలాసార్లు నడిసముద్రంలో పడుతుంది. మీ చెట్టు నీళ్లలో మొలిచిందంటే అంకెలు తప్పు.

ఫోటోలోని సమయాన్ని నోటుపుస్తకంతో పోల్చండి. ప్రయాణం తర్వాత కెమెరా గడియారం పాత దేశం సమయమే చూపిస్తుంటుంది, ఒక్కోసారి తేదీ కూడా మారిపోతుంది.

ఆఖరుకు మీ నమోదును ఆ చోటు తెలియని మిత్రుడి చేతిలో పెట్టండి. దాన్ని మాత్రమే పట్టుకుని ఆ గోడ దగ్గరకు, ఆ గొట్టం కిందకు వెళ్లగలరా? వెళ్లలేకపోతే ఏం తక్కువైందో వారే చెబుతారు.

10. మళ్లీ వెళ్లండి

రెండు వారాలకు, మూడు నెలలకు, ఏడాదికి అదే చోటికి, అదే పద్ధతితో వెళ్లాలి. దక్షిణ అట్లాంటిక్‌లోని గఫ్ దీవిలో శాజినా ప్రోకంబెన్స్ అనే నేలబారు మొక్క 1998లో కనిపించింది. పిడికెడంత మొక్కే, కానీ గింజలు ధూళిలా ఉంటాయి. దాన్ని తొలగించే పని ఏళ్ల తరబడి నడిచింది. పీకేసిన చోట మళ్లీ మొలిచిందా లేదా అన్నది వెళ్లి చూస్తే తప్ప తెలియదు.

వెళ్లిన ప్రతిసారీ ఏమీ కనిపించకపోయినా నమోదు చేయండి. "లేదు" అని ఒక్క మాట రాస్తే లెక్కకు రాదు, ఎంత వెతికారో దానితో పాటు ఉండాలి: "2024-06-09, ఉదయం 6.40 నుంచి 7.25, అదే గోడ, 20 పుల్లలు, పొడి వాతావరణం, చీమలు లేవు."